గురక మధ్యలో కుక్కర్ విజిల్

మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి గుండుసూది ఆ ఇంటి వరండాలో గొడుగు మడుస్తుండగా లోపలి నుంచి తోడల్లుడి గొంతు వినిపించింది. మడిచిన గొడుగు మళ్ళీ విప్పుకుని వచ్చిన దారినే పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఫోన్లో టీచరుగారు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. పోలీసులకి గంట టైమిచ్చి చూశాను, పాస్ మార్కులు కూడా వచ్చేలా లేవు, నువ్వు రా అన్నారావిడ. ముప్ఫై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ రమ్మంటే వెళ్ళకుండా ఉండే ధైర్యం ఆ ఊళ్ళో నలభై దాటిన మగవాళ్ళెవరికీ లేదు.

గుండుసూది ప్రైవేట్ డిటెక్టివ్. సన్నగా ఉంటాడని కొందరు, ఎక్కడ గుచ్చుతాడో తెలియదని కొందరు ఆ పేరు ఖాయం చేశారు. టైలరు షాపు మీద ఒక గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద ఒక ఫోను, అదీ అతని ఆఫీసు. తోడల్లుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. అక్కను గుండుసూది చేసుకున్నాడు, చెల్లెల్ని ఇన్‌స్పెక్టరు చేసుకున్నాడు. పేరుకి పెద్దల్లుడైనా అత్తవారింట్లో ఫ్యాను కింద కుర్చీ మాత్రం ఎప్పుడూ చిన్నల్లుడిదే. మా చిన్నల్లుడు దొంగల్ని పట్టుకుంటాడు, మా పెద్దల్లుడు దొంగలాగే గోడల పక్కన నిలబడతాడు అని అత్తగారు నలుగురి ముందూ అన్న మాట ఎనిమిదేళ్ళయినా గుండుసూదికి అరగలేదు.

"రా అన్నయ్యా, రా," అన్నాడు ఇన్‌స్పెక్టరు సోఫాలోంచి లేవకుండా. "కేసు దాదాపు అయిపోయింది. టీ తాగి వెళ్దువుగాని."

పోయింది నగ కాదు, మనిషి కాదు. కుక్క. పేరు దొరసాని. క్లంబర్ స్పానియల్ అనే వేట జాతి. ఆ జాతివి దేశం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టవచ్చునని టీచరుగారు చెప్పారు. గోడ మీద ఫోటోలో ఉంది: పొట్టి కాళ్ళు, చుట్టిన పరుపులాంటి ఒళ్ళు, దట్టమైన తెల్లటి బొచ్చు, చెవుల మీద నిమ్మపండు రంగు మచ్చలు, ముక్కు చుట్టూ చుక్కలు, కిందికి జారిన కనురెప్పలు. లోకంలోని కష్టాలన్నీ విని, ఇక పడుకోవడమే మంచిదని తేల్చుకున్న మొహం. మామూలుగా ముప్ఫై కిలోలు. ఇప్పుడు కడుపుతో ఉంది కాబట్టి ముప్ఫై ఎనిమిది. ఇవాళ అరవై ఒకటో రోజు. లోపల ఆరు పిల్లలున్నాయి. వాటిలో ఒకటి అడ్డంగా ఉందని నిన్న స్కానింగులో తేలింది. ఆపరేషను రేపు పొద్దున తొమ్మిదికి. ఈలోగా నొప్పులు వస్తే వెంటనే డాక్టరు దగ్గరుండాలి. లేకపోతే తల్లీ దక్కదు, పిల్లలూ దక్కవు.

ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం టీచరుగారి గొంతు క్లాసురూము గొంతులా లేదు.

ఇన్‌స్పెక్టరు తన సిద్ధాంతం వినిపించాడు. దొంగ పెరటి గోడ దూకి వచ్చాడు. గోడ కింద బూటు గుర్తులున్నాయి, పైన ఒక ఇటుక కదిలింది. పక్కనున్న ప్రింటింగ్ ప్రెస్సులో అడిగితే కుక్క అరుపు విన్నవాళ్ళు లేరు. కుక్క మొరగలేదంటే దొంగ దానికి బాగా తెలిసినవాడు. బిస్కెట్టు పెట్టాడు, చంకనెత్తుకున్నాడు, గోడ దూకాడు. ఇంతే కేసు.

 గుండుసూది నల్లకోటు తొడుక్కునే వచ్చాడు. ఆ కోటుతో హాల్లోని మూడు కుర్చీల్లోనూ ఒక్కో నిమిషం కూర్చుని లేచాడు. మూడో కుర్చీలోంచి లేచేసరికి వెనకవైపు కోటు తెల్లగా మారిపోయింది. ఇది ఏడాది పొడుగునా బొచ్చు రాలుస్తుందా అని అడిగాడు. ఏడాదికి మూడు వందల అరవై ఐదు రోజులు రాలుస్తుంది, లీపు సంవత్సరంలో ఇంకొక రోజు ఎక్కువ రాలుస్తుందని టీచరుగారు చెప్పారు. రోజూ అరగంట దువ్వినా అంతేనట.

అప్పుడు అతను కోటు విప్పి, దులిపి, మళ్ళీ తొడుక్కుని పెరట్లోకి వెళ్ళి, ఇటుక కదిలిన చోట గోడకి వీపు ఆనించి, ఎలుగుబంటి చెట్టుకి రుద్దుకున్నట్టు పైకీ కిందికీ రుద్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, టీచరుగారు వరసగా నిలబడి చూశారు. కోటుకి సున్నం అంటింది. ఒక్క వెంట్రుక అంటలేదు.

"ముప్ఫై ఎనిమిది కిలోల కుక్కని ఈ గోడ ఎక్కించాలంటే క్రేను కావాలి తమ్ముడూ," అన్నాడు గుండుసూది. "ఆ బూటు గుర్తులు ఎవరివో తర్వాత చూద్దాం. నీ కాలు ఒకసారి పక్కన పెట్టు."

ఇన్‌స్పెక్టరు కాలు పక్కన పెట్టలేదు. పెట్టకుండానే కానిస్టేబుళ్ళిద్దరూ ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టారు.

పెరటి తలుపు దగ్గర మెట్లు లేవు. వాటి స్థానంలో చెక్కతో చేసిన ఏటవాలు దారి ఒకటి ఉంది. ఈ జాతికి తుంటి కీళ్ళు బలహీనం, మెట్లెక్కితే అరిగిపోతాయని టీచరుగారు నాలుగేళ్ళ కిందట వేయించారు. గుండుసూది అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెక్క అంచున తెల్లటి బొచ్చు గుత్తులుగా ఉంది. అది రోజూ ఉండేదే. కానీ చివర, సందులోకి తెరుచుకునే చిన్న తలుపు గడియ కింద, అరచేయంత మేర నేల తడిసి జిగురుగా ఉంది. దొరసానికి చొంగ కారుతుంది, తిండి కనిపిస్తే ఇంకా కారుతుంది. తలుపు ముందు కుక్కని నిలబెట్టి, ఒక చేత్తో తినేదేదో చూపిస్తూ, రెండో చేత్తో గడియ తీశారన్నమాట.

లోపలికి వచ్చాక గుండుసూది మొరుగుడు సంగతి ఎత్తాడు. టీచరుగారు ఇన్‌స్పెక్టరు వైపు, హోంవర్కు చెయ్యని పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. ఈ జాతి మొరగదని ఆయనకి మధ్యాహ్నమే చెప్పాననీ, నోట్ చేసుకోలేదనీ అన్నారు. వేటలో కూడా పొదల్లో చప్పుడు లేకుండా, నెమ్మదిగా, ముక్కు నేలకి ఆనించి వెతుకుతుందట. పిట్ట లేచి తుపాకీ పేలాక, దాన్ని నలగకుండా నోట కరుచుకుని తెస్తుందట. ఇంట్లోకి దొంగ వస్తే మొరగదు సరికదా, మర్యాదగా చెప్పు ఒకటి నోట కరుచుకుని ఎదురు వెళ్తుంది. మొరగలేదు కాబట్టి తెలిసినవాడు అనడానికి లేదు. తెలియనివాడు అనడానికీ లేదు.

గుండుసూది అప్పుడు టైములు రాసుకోవడం మొదలుపెట్టాడు. టీచరుగారి దగ్గర దీనికొక నోటుబుక్కు ఉంది. రోజుకొక పేజీ. ఆరూ పదికి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో దూదితో కళ్ళు తుడవడం, ఆరున్నరకి ఎండ రాకముందే నడక, ఏడున్నరకి తూచిన తిండి, నీళ్ళు తాగిన ప్రతిసారీ గడ్డం కింద తుడవడం. మంగళవారం, శనివారం మధ్యాహ్నం రెండింటికి కత్తెర వచ్చి చెవులు శుభ్రం చేస్తాడు, పాదాల వేళ్ళ మధ్య బొచ్చు కత్తిరిస్తాడు. చెవులు అలా వేలాడుతుంటే గాలి ఆడదు, వారం వదిలేస్తే లోపల చీము పడుతుంది.

కత్తెర అంటే బజారు చివర కుక్కల సెలూన్ నడిపే మనిషి. టీచరుగారి దగ్గర ఏడో తరగతి రెండేళ్ళు చదివాడు.

ఇవాళ కత్తెర సరిగ్గా రెండింటికి వచ్చాడు. లోపలి గదిలో పని చేసుకున్నాడు. ఆ సమయంలో టీచరుగారు అటు వెళ్ళరు, వెళ్తే దొరసాని ఆవిడ ఒళ్ళో తల దూర్చి చెవులు ఇవ్వదు. రెండూ ఇరవై ఐదుకి కత్తెర తన సంచీ తీసుకుని, అమ్మాయి పడుకుంది టీచర్ అని చెప్పి, వీధి గుమ్మం గుండా వెళ్ళాడు. గురక హాల్లోకి వినిపిస్తూనే ఉంది. రెండూ నలభైకి గురక ఆగింది. గురక ఎందుకు ఆగిందా అని ఆవిడ లోపలికి వెళ్ళి చూస్తే పరుపు ఖాళీ.

"చూశావా అన్నయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కత్తెర పోయాక పావుగంట సేపు కుక్క ఇక్కడే గురక పెట్టింది. కాబట్టి వాడికి సంబంధం లేదు. అందుకే వాణ్ణి పిలవను కూడా పిలవలేదు."

గుండుసూది కాసేపు ఆలోచించి, టీచరుగారిని ఒక విచిత్రమైన కోరిక కోరాడు. మీరు విన్న గురక విన్నట్టుగా ఒకసారి పెట్టి చూపించమన్నాడు. కానిస్టేబుళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. టీచరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, వీపు నిటారుగా ఉంచి గురక పెట్టారు. మూడు పొడుగువి, ఒక గుటక, గాలి వదిలిన టైరులాంటిది ఒకటి, మళ్ళీ మూడు పొడుగువి. ఆ తర్వాత పెదాలు ముందుకు చాపి సన్నగా, పొడుగ్గా ఒక ఈల వేశారు.

గుండుసూది రాస్తున్నవాడల్లా ఆగాడు. "ఆ చివరిదేమిటి?"

"అది కుక్కది కాదు. కుక్కరు విజిల్."

"ఎవరి కుక్కరు?"

టీచరుగారు కళ్ళు తెరిచారు. మనది కాదని ముందు అన్నారు. వంటమనిషి ఒంటిగంటకే పని ముగించుకుని వెళ్ళింది, కుక్కరు కడిగి బోర్లించి ఉంది. పక్కింటిదనుకున్నానన్నారు. ఒక పక్క ప్రింటింగ్ ప్రెస్సు, అక్కడ వంటగది లేదు. రెండో పక్క ఖాళీ స్థలం. అంతవరకూ చెప్పి, తన తప్పు తానే దిద్దుకున్నట్టు ఆవిడ గబగబా లోపలి గదిలోకి నడిచారు.

కుక్క పరుపుకి జిప్పున్న గలీబు ఉంది. గుండుసూది చెయ్యి లోపలికి పోనిచ్చాడు. దూది మధ్యలో నుంచి సబ్బుపెట్టెంత స్పీకరు ఒకటి బయటికి వచ్చింది, మెమరీ కార్డు పెట్టుకునే రకం. మీట నొక్కగానే గది నిండా దొరసాని గురక మోగింది. మూడు పొడుగువి, ఒక గుటక, ఒక టైరు. కాసేపటికి దూరంగా కుక్కరు విజిల్.

విషయం తేలిపోయింది కదా అని గుండుసూది ఆపబోయాడు. టీచరుగారు వద్దన్నట్టు చెయ్యెత్తారు. మంచం పట్టె మీద కూర్చుని ఇంకొక నిమిషం విన్నారు.  ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మిగతాది నోటుబుక్కే చెప్పింది. పోయిన శనివారం పేజీలో ఎర్ర సిరాతో ఉంది: కత్తెర రెండింటికి బదులు పదకొండింటికి వచ్చాడు, కారణం మధ్యాహ్నం వేరే పని ఉందట. పదకొండింటికి వంటింట్లో కుక్కరు పొయ్యి మీద ఉంటుంది. ఆ రోజు గురక రికార్డు చేశాడు. ఇవాళ రెండూ అయిదుకో పదికో కుక్కని పెరటి తలుపు గుండా సందులో ఎవరికో అప్పగించి, లోపలికి వచ్చి స్పీకరు మీట నొక్కి, చేతులూపుకుంటూ వీధి గుమ్మం గుండా వెళ్ళాడు. తర్వాత పరామర్శ వంకతో వచ్చి స్పీకరు తీసుకుపోదామనుకుని ఉంటాడు.

కత్తెరకి ఆ కుక్క మీద పగేమిటని ఇన్‌స్పెక్టరు అడిగాడు. టీచరుగారు బీరువా తెరిచి దారం కట్టిన కాగితాల కట్ట తెచ్చారు. పుట్టబోయే పిల్లల్లో నాలుగింటిని బయటివాళ్ళకి ఇద్దామనుకున్నారట ఆవిడ. అడిగినవాళ్ళందరినీ పోయిన నెల ఒక ఆదివారం హాల్లో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. నూటికి తొంభై వస్తే పాసు. పదకొండు మంది రాశారు. ఒక్కరూ పాసు కాలేదు.

గుండుసూది కాగితాలు తిరగేశాడు. కత్తెరకి ఎనభై ఎనిమిది. అన్నీ రైటు, ఒక్కటి తప్ప. కుక్క ఎక్కడ పడుకుంటుంది అన్న ప్రశ్నకి, మా ఇంట్లో, మేడ మీద, నా మంచం పక్కన అని రాశాడు. మేడకి పద్దెనిమిది మెట్లున్నాయి, ఆ తుంటి ఏమైపోవాలి అని పక్కన ఎర్ర సిరాతో ఉంది. కింద, అదే ఎర్ర సిరాతో, చేతివ్రాత మెరుగుపడింది అని కూడా ఉంది.

నాలుగేళ్ళు చెవులు తుడిచినవాడికి రెండు మార్కులతో పిల్ల పోయింది. అది చాలు మనిషి మనసు విరగడానికి.

మరో కాగితానికి ముప్ఫై ఒకటి. ఆయన ఊరి బయట పండ్లతోట యజమాని. ఆయన దగ్గర ఇదే జాతి మగకుక్క ఉంది, దొరసాని కడుపులో ఉన్నవి దాని పిల్లలే. తండ్రి తరఫు కాబట్టి పరీక్ష లేకుండానే రెండు కావాలని పట్టుబట్టాడట. కూర్చోబెట్టి రాయించారు. చెవులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేస్తారు అన్న ప్రశ్నకి, కంపు కొట్టినప్పుడు అని రాశాడు.

ఆ కింద కాగితం చూసి గుండుసూది మొహం వెలిగిపోయింది. ఇరవై రెండు మార్కులు. చేతివ్రాత తనకి బాగా తెలిసిందే.

"ఏం తిండి పెడతారు అంటే, ఇంట్లో మిగిలింది అని రాశావేమిటి తమ్ముడూ?"

"మా పిల్లలు కుక్కపిల్ల కావాలన్నారు, రాశాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితం లాక్కోబోతూ. "ఇప్పుడది కేసుకి అవసరమా?"

పదకొండు మంది అనుమానితుల్లో నువ్వొకడివి, అవసరమేనని గుండుసూది ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఎప్పటికైనా ఫ్యాను కింద కుర్చీకి పనికొస్తుంది.

అయిదూ పదికి జీపు కుక్కల సెలూన్ ముందు ఆగింది. తలుపుకి బయట తాళం. కత్తెర ఫోను స్విచాఫ్. ఇన్‌స్పెక్టరు సెర్చి వారంటు గురించి ఏదో చెప్పబోతుండగా, మూసిన తలుపు వెనకనుంచి వినిపించింది: మూడు పొడుగువి, ఒక గుటక.

తాళం పగలగొట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లోపల, స్నానాల తొట్టి పక్కన, దుప్పటి మీద, తెల్లటి కుక్క ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నిమ్మపండు రంగు చెవులు, ముక్కు మీద చుక్కలు, పరుపు చుట్టలాంటి పొట్ట. లేపితే ఒక కన్ను తెరిచి, ఇన్‌స్పెక్టరు లాఠీని నోట కరుచుకుని, మళ్ళీ పడుకుంది.

నేరుగా డాక్టరు దగ్గరికి పోదాం, ఎవరికీ చెప్పొద్దు, కత్తెర ఇంకా దొరకలేదు, వెనక ఇంకెవరున్నారో తెలియదు అన్నాడు గుండుసూది. ఇన్‌స్పెక్టరు అప్పటికే టీవీవాళ్ళకి ఫోను చేస్తున్నాడు. ఫోటో కూడా దిగాడు, కుక్క భుజం మీద చెయ్యి వేసి. ఆ ఫోటో పంపించాక తోడల్లుడి వైపు తిరిగి ఓదార్పుగా చెప్పాడు.

"నీ సంగతీ చెప్పాలే అన్నయ్యా. సమాచారం అందించిన ఒక పౌరుడు అని."

ఇద్దరూ దుప్పటికి చెరో కొస పట్టుకుని జీపులోకి ఎక్కించారు. దారి పొడుగునా కేసు ఛేదించింది ఎవరన్నదాని మీదే మాటలు నడిచాయి. గురక నాది అని ఒకడు, తాళం నాది అని ఒకడు. మధ్యలో పడుకున్న కుక్కని ఇద్దరిలో ఒక్కడూ సరిగ్గా చూడలేదు.

డాక్టరమ్మ క్లినిక్కులో ఆపరేషనుకి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అయిదూ యాభై అయింది. కుక్కని బల్ల మీద పడుకోబెట్టి, చెరోవైపు గట్టిగా పట్టుకోండని తోడల్లుళ్ళిద్దరికీ పురమాయించి, ఆవిడ చేతులకి గ్లవ్స్ వేసుకుంటోంది. అప్పుడే టీచరుగారు దూదీ, ఉప్పునీళ్ళ సీసా, తువ్వాళ్ళూ ఉన్న సంచీతో లోపలికి వచ్చారు. రెండడుగులు వేసి ఆగిపోయారు.

"ఇది మా అమ్మాయి కాదు," అన్నారు. "ఇది మా అల్లుడు."

అల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ బల్ల దగ్గరికి వచ్చి, దుప్పటి తొలగించి, కాస్త వంగి చూసి, నిట్టూర్చి గ్లవ్స్ విప్పేసింది. ఇది తోటాయన కుక్క, కనురెప్పకి ఆపరేషను పోయిన ఏడాది తానే చేసిందట. ఈ పొట్టలో ఉన్నది అన్నమేనని కూడా చెప్పింది.

బయట గేటు దగ్గర టీవీ వ్యాను వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు గోడకి చేరగిలబడ్డాడు. గుండుసూదికి నవ్వాలనిపించలేదు. తనూ చూడలేదు కదా. దొరసాని ఎక్కడుందో తెలియదు, దాదాపు నాలుగు గంటలు గడిచిపోయాయి.

ఆరూ అయిదుకి క్లినిక్కు ఫోను మోగింది. డాక్టరమ్మ ఎత్తి, విని, గబుక్కున స్పీకరు నొక్కింది. కత్తెర గొంతు. గుసగుసగా ఉంది. నొప్పులు మొదలై గంటన్నర అయింది, ఒక పిల్ల సగం బయటికి వచ్చి ఆగిపోయింది, ఏం చెయ్యాలి అని అడుగుతున్నాడు.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపు టీచరుగారు ఫోను మీదికి వంగారు.

"చేతులు కడుక్కున్నావా?"

 "కడుక్కున్నాను టీచర్."

"గోళ్ళు?"

"కత్తిరించే ఉన్నాయి టీచర్."

 ఆవిడ ఫోను డాక్టరమ్మ వైపు జరిపారు. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పొడి తువ్వాలుతో పట్టుకో, నువ్వు లాగకు, నొప్పి వచ్చినప్పుడు మాత్రం దానితోపాటు మెల్లగా కిందికి, తల్లి కాళ్ళ వైపుకి దించు. ఎదురుచూస్తున్న ఆ రెండు నిమిషాల్లో కత్తెర తలా తోకా లేకుండా సంగతంతా చెప్పేశాడు. కాన్పు అయ్యేదాకా తోటలో ఉంచి, తండ్రి వాటా రెండు పిల్లల్ని తీసుకుని, తల్లిని తిరిగి ఇచ్చేస్తానని తోటాయన మాటిచ్చాడు. కత్తెరకి ఒకటి. ఆ మాట మీద నమ్మకం లేక, దొరసాని తిరిగొచ్చేదాకా తోటాయన మగకుక్కని తన సెలూన్లో తాకట్టు పెట్టించుకున్నాడు. ఆపరేషను సంగతి తనకి ఎవరూ చెప్పలేదు. నొప్పులు చూసి, డాక్టరు దగ్గరికి తీసుకుపోదామన్నందుకు తోటాయన తనని తోటలోని గదిలో పెట్టి బయట తాళం వేశాడు. లోపలున్న ఈ పాత ఫోను సంగతి ఆయనకి గుర్తులేనట్టుంది.

అంతలో ఏదో జారిన చప్పుడు, తువ్వాలు గసగసా రుద్దిన చప్పుడు. రుద్దు, నోట్లో జిగురు తుడువు, ఇంకా రుద్దు అంటోంది డాక్టరమ్మ. టీచరుగారు బల్ల అంచు పట్టుకున్నారు. చిట్టెలుకలా సన్నగా ఒక కూత వినిపించింది.

"బతికింది టీచర్," అన్నాడు కత్తెర. ఏడుస్తున్నాడు. "మచ్చ ఎడమ చెవికి."

డాక్టరమ్మ మొహంలో మాత్రం నవ్వు రాలేదు. రెండోదే అడ్డంగా ఉన్నది. అది తనంతట తాను రాదు. గంటలోగా తల్లి ఈ బల్ల మీద ఉండాలి.

తోట ఎటువైపు అని గుండుసూది అడుగుతుండగానే అవతల తలుపు తాళం తీసిన చప్పుడైంది. కత్తెర గొంతు పోయి, మరో గొంతు వచ్చింది. తోటాయనది. బొంగురుగా, అవమానంతో ఉడికిపోతూ ఉంది. తన ఇంటి టీవీలో ఇన్‌స్పెక్టరు ఫోటో చూశాడట, తన కుక్క భుజం మీద చెయ్యి వేసి ఉన్నది.

"నాకు ముప్ఫై ఒక్క మార్కులేశారు," అన్నాడు. "నా కుక్కని కూడా మీరే పెట్టుకుంటారా? ఏడింటికి పాత రైలు గేటు దగ్గరికి మా వాణ్ణి తీసుకురండి. మా వాడు నా చేతికొస్తే మీది మీ చేతికొస్తుంది. ఫోటోలో వెనక నిలబడ్డ ఆ సన్నటాయన ఒక్కడే రావాలి. ఖాకీ చొక్కా కనబడిందా, జీపు వెనక్కి తిప్పేస్తాను. తర్వాత మీ ఖర్మ."

గుండుసూది ఒప్పుకున్నాడు. ఏడింటికి ఇంకా ముప్ఫై అయిదు నిమిషాలుంది, రైలు గేటు పావుగంట దారి. పిల్ల అడ్డంగా ఉన్న తల్లిని దారిలో చూసుకోవడానికి తానూ బండిలో దాక్కుని వస్తానని డాక్టరమ్మ సైగ చేసింది. ఇన్‌స్పెక్టరు ఖాకీ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. బనీనుతో నేను నడుపుతాను అన్నయ్యా, నీకు జీపు రాదు కదా అని చెవిలో చెప్పాడు, గొంతులో వెటకారం లేకుండా. ఎనిమిదేళ్ళలో తోడల్లుళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

కుక్కని దించుదామని ఇద్దరూ ఒకేసారి బల్ల వైపు తిరిగారు.

బల్ల మీద దుప్పటి ఉంది. దుప్పటి మీద బొచ్చుంది. కుక్క లేదు.

"నువ్వు పట్టుకున్నావనుకున్నాను," అన్నాడు గుండుసూది.

"నువ్వు పట్టుకున్నావనే కదా నేను వదిలింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. టీచరుగారు మాత్రం అటు చూడటం లేదు. హాల్లో రోగుల కోసం పెట్టిన టీవీ వైపు చూస్తున్నారు. అందులో ఈ క్లినిక్కు గేటు, గేటు ముందు మైకు పట్టుకున్న విలేకరి. కుక్క క్షేమంగా లోపల డాక్టర్ల పర్యవేక్షణలో ఉందని ఆమె చెబుతోంది, ప్రత్యక్ష ప్రసారం. ఆమె వెనకాల, నోట్లో లాఠీతో, ఎక్కడా తొందర లేకుండా, ముక్కు నేలకి ఆనించి, ఒక తెల్లటి కుక్క రోడ్డు దాటుతోంది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

బల్ల మీది ఫోను ఇంకా ఎవరూ పెట్టెయ్యలేదు. అవతల టీవీ చప్పుడు, ఇక్కడి టీవీ చప్పుడు ఒకే మాటలు వల్లిస్తున్నాయి. వాటి మధ్యలోంచి తోటాయన గొంతు వినిపించింది, ఈసారి చాలా నెమ్మదిగా.

"మా వాడు రోడ్డు మీద ఏం చేస్తున్నాడు?"

 ఫోను కట్టయింది. దొరసాని కడుపులో ఇంకా అయిదు పిల్లలున్నాయి.